ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్: హార్మోన్ల వాటా ఎంత?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీకు ఆస్తమా లేదు, అలర్జీ లేదు, పొగతాగే అలవాటు లేదు. ఒక పరిశోధనలో వాలంటీర్‌గా చేరి నెలలో నాలుగుసార్లు ఫీనో పరీక్ష, అంటే వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో చూసే పరీక్ష చేయించుకుంటే 14, 21, 16, 19 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో ఇన్ని భాగాలు అనే కొలత) వచ్చాయి. ఆ 21 వచ్చిన రోజు రెండు నెలసరులకు సరిగ్గా మధ్యలో పడింది కాబట్టి ఈస్ట్రోజన్ వల్లే పెరిగిందని మీ అనుమానం. అదే పరిశోధనలో ఉన్న మీ భర్తకు 31 వచ్చింది, అది టెస్టోస్టెరాన్ వల్లా అన్నది రెండో ప్రశ్న.

ముందే చెప్పేస్తున్నా, మీ 14కీ 21కీ మధ్య ఉన్న తేడాను హార్మోన్ల ఖాతాలో వేయడానికి ఆధారం లేదు. మీ భర్త 31లో మగవాడు కావడం వల్ల వచ్చిన వాటా కొంత ఉండొచ్చు గానీ అది టెస్టోస్టెరాన్ నేరుగా చేసిన పని అనుకోవడానికి లేదు. హార్మోన్లకు ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌తో సంబంధమే లేదని మాత్రం నేను అనడం లేదు. సంబంధం ఉంది, కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది చాలా చిన్నది, కొలతలో సహజంగా ఉండే ఊగిసలాటలోనే కలిసిపోతుంది. ఊపిరితిత్తుల పరీక్షల ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఈ మిషన్ పక్కనే కూర్చున్న మనిషిగా, ఇదెందుకు ఇలా అన్నది కాస్త వివరంగానే చెప్తాను.

ఈస్ట్రోజన్ పెరిగితే నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, రక్తనాళాల నుంచి. రక్తనాళాల గోడలు ఈ వాయువును తయారుచేసి తమను తాము వదులు చేసుకుంటాయని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. రక్తనాళాల లోపలి పొరలో ఈనోస్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది అర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తీస్తుంది, ఈస్ట్రోజన్ ఆ ఎంజైమ్‌ను నిమిషాల్లోనే చురుకు చేయగలదు, ఎక్కువకాలం ఉంటే దాని ఉత్పత్తినీ పెంచుతుంది. ఇదంతా గట్టిగా నిరూపణ అయిన విషయమే. ఇక్కడిదాకా చదివినవాళ్లెవరైనా మీలాగే అనుకుంటారు: ఈస్ట్రోజన్ పెరిగింది, నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది, కాబట్టి ఊపిరిలోనూ పెరగాలి కదా అని.

పెరగదు, ఎందుకంటే ఊపిరిలో మనం కొలిచేది ఆ రక్తనాళాల సరుకు కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎండిన ఇసుక నీళ్లు పీల్చుకున్నట్టు క్షణాల్లో లాగేసుకుంటుంది. అందుకే ఊపిరితిత్తుల చివర, రక్తానికి అతుక్కుని ఉండే గాలి గదుల్లో ఈ వాయువు మహా అయితే రెండు మూడు పీపీబీ ఉంటుంది. మిషన్ చూపించే మిగతాదంతా పైనున్న శ్వాసనాళాల గోడల్లోంచి వస్తుంది, బయటికి వెళ్లే గాలి ఆ గొట్టాలను దాటుతూ దాన్ని మోసుకొస్తుంది. అక్కడ పనిచేసేది ప్రధానంగా వేరే ఎంజైమ్, ఐనోస్. పాఠ్యపుస్తకాల్లో ఇది వాపు ఉన్నప్పుడే పుట్టేదని రాస్తారు గానీ, శ్వాసనాళాల లోపలి పొరలో ఆరోగ్యవంతులకు కూడా ఇది కొంత ఎప్పుడూ ఉంటుంది. ఐనోస్‌ను మాత్రమే ఆపే మందు ఒకటి 2003లో మనుషులకు ఇచ్చి చూశారు. ఆస్తమా ఉన్నవాళ్లలోనే కాదు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ దాదాపు అడుగంటింది. మనం కొలుస్తున్నది ఏ ఎంజైమ్ సరుకో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకంటే సూటి సాక్ష్యం లేదు.

ఈ ఐనోస్‌ను పెంచేవి ఐఎల్-4, ఐఎల్-13 లాంటి సంకేతాలు, అంటే అలర్జీ తరహా వాపులో పుట్టేవి. కాబట్టి హార్మోను ఏదైనా ఊపిరిలోని అంకెను కదపాలంటే ఈ దారిని తాకాలి. ఈస్ట్రోజన్ గ్రాహకాలు శ్వాసనాళాల కణాల్లోనూ ఉన్నాయి, సెక్స్ హార్మోన్లు అలర్జీ తరహా వాపును అటూ ఇటూ నెట్టగలవని జంతువుల్లో కనిపించింది కూడా. కానీ నెట్టడానికి అక్కడ వాపంటూ ఏదో ఉండాలిగా? మీలాంటి, అలర్జీ లేని మనిషి శ్వాసనాళాల్లో అది అసలు లేదు.

ఇక నెలసరి సంగతి. ఊపిరిలో ఈ వాయువు ఉందని 1991లో గుస్తాఫ్సన్ బృందం చూపించింది, ఆస్తమాలో అది పెరుగుతుందని 1993లో తేలింది, ఆ వెంటనే 1994లో ఆడవాళ్లలో నెలసరి మధ్యలో ఇది ఎక్కువవుతుందని ఒక అధ్యయనం వచ్చింది. మీరు ఎక్కడో చదివింది దాని గురించే అయ్యుంటుంది, ఇప్పటికీ చాలాచోట్ల దాన్నే చెప్తుంటారు. ఆ తర్వాత వచ్చినవాటిలో కొన్ని తేడా ఏమీ లేదన్నాయి, కొన్ని వేరే రోజుల్లో కనిపించిందన్నాయి. ఆ మొదటి రోజుల్లో పరీక్ష ఎలా చేసేవాళ్లో తెలిస్తే ఈ గందరగోళం ఆశ్చర్యం అనిపించదు. ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ వందల పీపీబీల్లో ఉంటుంది, సైనస్‌లలో (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో) అంతకంటే ఎక్కువే. నోటితో ఊదేటప్పుడు ఎదురు ఒత్తిడి పెట్టి అంగిలి వెనక తలుపు మూయించకపోతే అందులో కాస్త కలిసినా అంకె ఎక్కడికో పోతుంది. అలాగే ఎంత నిదానంగా ఊదితే గాలి ఆ గొట్టాల్లో అంతసేపు ఉండి అంత ఎక్కువ వాయువును మోసుకొస్తుంది, వేగం సగానికి తగ్గిస్తే అంకె రెట్టింపుకు దగ్గరగా పోతుంది. ఈ రెండూ అప్పట్లో ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో రకం. 1997లో యూరప్ ఊపిరితిత్తుల నిపుణులు, 1999లో అమెరికా వాళ్లు విడివిడిగా పద్ధతులు రాసుకున్నారు. సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగం, ఎదురు ఒత్తిడి, పెద్దవాళ్లయితే కనీసం ఆరు సెకన్లు ఊదడం, ఇవన్నీ ఇద్దరూ కలిసి ఖాయం చేసింది 2005లో. అందుకే 2005కు ముందు నాటి నెలసరి అధ్యయనాలను నేను చరిత్రగా చదువుతాను గానీ ఇవాళ్టి అంకెలను వాటితో పోల్చను.

ఇక్కడే ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ గురించి ఒక మెలిక ఉంది. నెలసరి రెండో సగంలో ప్రొజెస్టరాన్ మెదడులోని శ్వాస కేంద్రాన్ని ప్రేరేపించి మనిషిని కాస్త ఎక్కువ గాలి పీల్చేలా చేస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఊదే వేగం కట్టడి చేయకుండా మామూలు శ్వాసలో కొలిస్తే ఊపిరి వేగం మారడం వల్లే అంకె మారిపోతుంది, శ్వాసనాళాల్లో తయారీ వెంట్రుకవాసి కూడా మారకపోయినా సరే. ఇప్పుడు వాడే పద్ధతిలో ఆ గొడవ లేదు, మిషన్ వేగాన్ని పట్టి ఉంచుతుంది.

పద్ధతి స్థిరపడ్డాక వచ్చినవాటిలో నాకు బాగా గుర్తున్నది 2009లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. ఆస్తమా ఉన్న ఆడవాళ్లను నెలసరి అంతటా వెంటాడి చూస్తే, గర్భనిరోధక మాత్రలు వాడనివాళ్లలో ఈస్ట్రోజన్ పెరిగినప్పుడు ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ తగ్గింది, ప్రొజెస్టరాన్ పెరిగినప్పుడు పెరిగింది. మీ అనుమానానికి ఇది సరిగ్గా ఎదురు. మాత్రలు వాడేవాళ్లలో ఆ లంకె కనిపించలేదు, అది సబబే, ఎందుకంటే మాత్రలు వాడితే ఒంట్లో సొంత హార్మోన్ల ఎగుడుదిగుళ్లు చదునైపోతాయి. కానీ ఇవి ఆస్తమా ఉన్నవాళ్ల అంకెలు, అక్కడ కదపడానికి వాపు ఉంది. నెలసరికి ముందు రోజుల్లో ఆస్తమా ముదిరే ఆడవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల విషయంలో ఈ తేదీల లెక్క నిజంగా పనికొస్తుంది. ఆరోగ్యవంతులకు దీన్ని యథాతథంగా అంటించడం మాత్రం తప్పు.

ఇప్పుడు మీ నాలుగు అంకెలు. ఈ చేతి మిషన్లకు కంపెనీలు చెప్పే ఖచ్చితత్వమే 50 లోపు అంకెలకు ఐదు పీపీబీ అటూ ఇటూ. మిషన్ సంగతి పక్కనపెట్టినా, ఒకే మనిషి ఒక వారానికీ ఇంకో వారానికీ కొన్ని పీపీబీలు మారడం మామూలే. అందుకే అమెరికన్ థొరాసిక్ సొసైటీ (అమెరికాలోని ఊపిరితిత్తుల నిపుణుల సంఘం) 2011 మార్గదర్శకాల్లో, 50 కంటే తక్కువ ఉన్నవాళ్లలో మార్పు 10 పీపీబీ దాటితేనే, 50 పైన ఉన్నవాళ్లలో 20 శాతం దాటితేనే దాన్ని పట్టించుకోమని చెప్పారు. మీ అత్యల్పానికీ అత్యధికానికీ తేడా 7. ఆ నాలుగు అంకెలనూ తేదీలు తీసేసి నా ముందు పెడితే, ఇవి ఒకే స్థిరమైన మనిషివి అనే చెప్తాను.

ఇంకొకటి కూడా ఉంది. రెండు నెలసరుల మధ్య రోజు అంటే ఈస్ట్రోజన్ ఎక్కువున్న రోజు అని మీరు అనుకున్నారు కదా, అదీ నమ్మకం లేదు. ఈస్ట్రోజన్ శిఖరం అండం విడుదలకు కాస్త ముందు వస్తుంది, ఆ వెంటనే నిట్టనిలువుగా పడిపోతుంది, తర్వాత రెండో సగం మధ్యలో ప్రొజెస్టరాన్‌తో కలిసి మళ్లీ ఓ మోస్తరుగా లేస్తుంది. ఒక్క రోజు, రోజున్నర అటో ఇటో అయితే మీరు శిఖరం మీదున్నారో లోయలో ఉన్నారో క్యాలెండర్ చెప్పలేదు. పైగా అండం అందరికీ పద్నాలుగో రోజే విడుదల కాదు, ఒకే మనిషికి కూడా నెలనెలకూ మారుతుంది. ఆ రోజు రక్తంలో హార్మోన్లు కొలిచారా? కొలవకపోతే మీ 21 పక్కన ఉన్నది తేదీ మాత్రమే, హార్మోన్ కాదు.

మగవాళ్లు, ఆడవాళ్ల తేడా దగ్గరికొస్తే ఇది మాత్రం నిజమైన తేడా, చాలా జనాభా సర్వేల్లో కనిపించింది, మగవాళ్లలో సగటున ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఎక్కువ ఉంటుంది. దీన్ని చూడగానే అందరూ టెస్టోస్టెరాన్ అంటారు. కానీ మగ హార్మోన్లు అలర్జీ తరహా వాపును తగ్గించే వైపే పనిచేస్తాయని ఎలుకల్లో చూశారు, ఆ లెక్కన మగవాళ్లకు తక్కువ ఉండాలి, ఎక్కువ కాదు. మరి ఎందుకు ఎక్కువంటే, ప్రధానంగా ఒడ్డూ పొడుగూ. పొడుగు ఎక్కువున్నవాళ్లకు శ్వాసనాళాల గోడల విస్తీర్ణం ఎక్కువ, వాయువు వచ్చేదే ఆ గోడల నుంచి, ఊదే వేగం మాత్రం అందరికీ ఒకటే 50. పెద్ద గోడ మీదుగా అదే వేగంతో పోయే గాలి ఎక్కువ మోసుకురాక తప్పదు. కొన్ని సర్వేల్లో ఎత్తును లెక్కలోకి తీసుకోగానే ఆడ-మగ తేడా చాలావరకు కరిగిపోయింది, కొన్నిట్లో కాస్త మిగిలింది. పిల్లల్లోనూ ఇదే కథ, ఎదుగుతున్నంతకాలం అంకె మెల్లగా పెరుగుతుంది, ఎదుగుదల ముందుగా ఆగే ఆడపిల్లల్లో ముందుగా నిలిచిపోతుంది. ఆ ఎదుగుదలను నడిపించేవి యుక్తవయసు హార్మోన్లే కాబట్టి, హార్మోన్లకు ఇందులో పాత్ర ఉంది అంటే ఒప్పుకుంటాను, అయితే అది ఎముకలూ ఊపిరితిత్తులూ కట్టినప్పుడు చేసిన పాత్ర, ఇవాళ పొద్దున రక్తంలో ఎంత ఉందన్న దానికి దాంతో పెద్దగా పనిలేదు.

నన్నడిగితే హార్మోన్లలో అసలు ఆసక్తికరమైనది ఈస్ట్రోజనూ కాదు టెస్టోస్టెరానూ కాదు, కార్టిసాల్, అంటే ఒళ్లు తానే తయారుచేసుకునే స్టెరాయిడ్. స్టెరాయిడ్లు ఐనోస్ తయారీని అణిచేస్తాయి, ఆస్తమా రోగికి ఇన్‌హేలర్ స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఫీనో పడిపోవడం నేను చూసిన కేసుల్లో నిత్యం జరిగేదే, ఈ పరీక్షకు ఉన్న విలువంతా దాదాపు దానిమీదే నిలబడింది. ఆ లెక్కన ఒంట్లో సహజంగా పుట్టే కార్టిసాల్, పొద్దున లేచే వేళకు శిఖరంలోనూ అర్ధరాత్రికి అడుగునా ఉండేది, ఆరోగ్యవంతుల ఊపిరిలోనూ పొద్దుటికీ రాత్రికీ పెద్ద తేడా తేవాలి. తేవడం లేదు. దీనికి జవాబు 1995 నాటి ఒక ప్రయోగంలో ఉంది: రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మూడు రోజులపాటు ఇస్తే ఆస్తమా ఉన్నవాళ్లలో ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ తగ్గింది, ఆరోగ్యవంతుల్లో కదల్లేదు. 30 మిల్లీగ్రాములంటే ఒళ్లు రోజంతా తయారుచేసుకునే కార్టిసాల్ బలానికి ఎన్నో రెట్లు. అంత మోతాదుకే చలించనిది పొద్దుటి కార్టిసాల్ ఆటుపోట్లకు చలిస్తుందా? వాపు వల్ల పెరిగిన ఐనోస్‌ను స్టెరాయిడ్ తొక్కేస్తుంది, ఆరోగ్యవంతుల్లో ఎప్పుడూ ఉండే ఆ మూల స్థాయిని అంత తేలిగ్గా ముట్టుకోలేదు. ఆడ, మగ హార్మోన్ల విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుందని నా నమ్మకం. టెన్షన్‌గా ఉన్న రోజు రీడింగ్ మారిందా అని కూడా కొందరు అడుగుతుంటారు, వాళ్లకూ ఇదే జవాబు.

గర్భం గురించి రెండు ముక్కలు. అప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ మామూలు స్థాయికి ఎన్నో రెట్లు పోతాయి, హార్మోన్లకు అంత శక్తే ఉంటే అంకె ఎగిరిపోవాలి. ఆరోగ్యవంతులైన గర్భిణుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అలా కదలకపోవడమే మంచిదైంది, ఎందుకంటే 2011లో ఆస్ట్రేలియాలో ఆస్తమా ఉన్న గర్భిణులకు ఈ అంకెను బట్టే మందు పెంచుతూ తగ్గిస్తూ చికిత్స చేస్తే జబ్బు ముదిరే సందర్భాలు తగ్గాయి. గర్భం వల్లే అంకె అటూ ఇటూ ఊగేదైతే ఆ చికిత్స అసలు కుదిరేదే కాదు.

మరి మీ 14ను 21 చేసింది ఏమిటి? ఊరికే ఊగిసలాటే కావచ్చు, ముందే అన్నాను. కారణమే కావాలంటే హార్మోన్ల కంటే ముందు అనుమానించాల్సినవి బోలెడున్నాయి. ఆ వారంలో జలుబు చేసిందా? వైరస్ తగిలితే ఆరోగ్యవంతుల్లో కూడా పెరుగుతుంది, జలుబు తగ్గాక కూడా కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు. పరీక్షకు ముందు పాలకూర, బీట్‌రూట్, లెట్యూస్ లాంటివి తిన్నారా? వాటిలో నైట్రేట్ ఎక్కువ, నోట్లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అందులోంచి నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, తిన్న రెండు గంటల తర్వాత కూడా ఆ ప్రభావం ఉంటుంది (మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఇది తగ్గడం ఒక తమాషా, ఆ అంకె ఊపిరితిత్తులది కాదని అప్పుడే తెలిసిపోతుంది). 14 వచ్చిన రోజు స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే పరీక్ష) ముందు చేసి ఇది తర్వాత చేశారా? గట్టిగా ఊదే పరీక్షలు, వ్యాయామం, మద్యం ఇవన్నీ కాసేపు తగ్గిస్తాయి, కాబట్టి మీది 21కి పెరగడం కాక, ఆ రోజు 14కి తగ్గడం కూడా అయ్యుండొచ్చు. పొగతాగేవాళ్లలో ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఇవేవీ పరిశోధకులు నమోదు చేయకపోతే ఆ పరిశోధన నెలసరి గురించి చెప్పే ఏ మాటనూ నేను నమ్మను.

నిజంగా తెలుసుకోవాలనే పట్టుదల ఉంటే ఆ పరిశోధకులను ఇలా అడగండి. అండం విడుదలను మూత్రంలో ఎల్‌హెచ్ (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్) కిట్‌తో పట్టుకుని, ఆ రోజును బట్టి మిగతా పరీక్షల తేదీలు వేయమనండి. రక్తంలో ఎస్ట్రడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్), ప్రొజెస్టరాన్ అదే రోజు తీయాలి. ప్రతిసారీ ఒకే మిషన్, రోజులో ఒకే వేళ, స్పైరోమెట్రీ కంటే ముందు, కనీసం గంట సేపు తిండీ నీళ్లూ వ్యాయామం లేకుండా. ఒక్క నెల చాలదు, అదే ఆకారం తర్వాతి నెలల్లోనూ మళ్లీ రావాలి. పోలికకు మాత్రలు వాడే ఆడవాళ్లు కొందరు, మగవాళ్లు కొందరు అదే తేదీల్లో ఊదితే, కాలం, కాలుష్యం, పుప్పొడి వల్ల వచ్చే మార్పులు విడిగా తెలుస్తాయి. ఇంకో మాట, ఈ అంకెలు ఒకవైపు బాగా సాగి ఉంటాయి, మామూలు సగటు తీస్తే ఎవరో ఇద్దరు అలర్జీ మనుషులు మొత్తాన్ని లాగేస్తారు, లాగరిథమ్ తీసుకుని లెక్కించాలి. ఇది చేయకుండా "తేడా ఉంది" అని రాసిన థీసిస్‌లు నేను చాలానే చూశాను.

ఇక మీ భర్త 31. పెద్దవాళ్లలో 25 లోపు తక్కువ, 50 పైన ఎక్కువ, మధ్యలోది లక్షణాలను బట్టి చూడాల్సింది అని 2011 మార్గదర్శకాలు చెప్తాయి. మగవాడు, మీకంటే పొడుగు అయితే అందులో కొంత ఒడ్డూ పొడుగు వల్లే. మిగతాదానికి నేను మొదట అడిగేది అలర్జీ గురించి, ఎందుకంటే ఏ ఇబ్బందీ లేకపోయినా దుమ్ము పురుగులకో పుప్పొడికో ఒంట్లో అలర్జీ స్వభావం ఉన్నవాళ్లలో ఈ అంకె ఎక్కువే ఉంటుంది, చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కు దురద, చిన్నప్పుడు ఒంటిమీద దద్దుర్లు, ఇలాంటివేమైనా ఉన్నాయేమో గుర్తు చేసుకోమనండి. జలుబు లేనప్పుడు కొన్ని వారాల తర్వాత ఇంకోసారి ఊదించండి. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం ఇవి ఉంటే స్పైరోమెట్రీ చేయించి ఛాతీ డాక్టర్‌కు చూపించండి, లేకపోతే 31 అనే అంకె ఒక్కదాన్ని చూసి ఏ ఇన్‌హేలరూ మొదలుపెట్టక్కర్లేదు, టెస్టోస్టెరాన్ పరీక్ష అయితే అసలే అక్కర్లేదు.